నిలిపి ఉంచిన కారులో డ్యాష్‌క్యామ్‌కు విద్యుత్ సరఫరా

డ్యాష్‌క్యామ్ అనేది కారు ముందు అద్దానికి లోపలి వైపున అమర్చే చిన్న వీడియో కెమెరా. కారు నడుస్తున్నంతసేపు ఇది ఎదుటి దారిని చిత్రీకరించి, మెమరీ కార్డులో భద్రపరుస్తుంది. కార్డు నిండినప్పుడు పాత దృశ్యాలను చెరిపి వాటి స్థానంలో కొత్తవాటిని వ్రాస్తుంది. కారును నిలిపి ఉంచినప్పుడు కూడా కాపలా కాయగల కెమెరాలు ఉన్నాయి. ఈ సదుపాయాన్ని పార్కింగ్ మోడ్ అంటారు. ఎవరైనా కారును గుద్ది వెళ్ళిపోయినా, అద్దం పగులగొట్టినా, దొంగతనానికి ప్రయత్నించినా ఆ దృశ్యం సాక్ష్యంగా మిగులుతుంది.

ఇంజను ఆగిన తరువాత ఈ కెమెరాకు విద్యుత్తు ఎక్కడి నుంచి ఇవ్వాలి అన్నది ఈ వ్యాసంలోని విషయం. ఈ ఏర్పాటు సరిగా లేకపోతే రెండు రకాల నష్టాలు కలుగుతాయి. మొదటిది, కారు బ్యాటరీ దిగిపోయి మరునాడు ఉదయం ఇంజను స్టార్టు కాకపోవడం. రెండవది, ఎండలో మూసి ఉన్న కారులో లిథియం బ్యాటరీ వేడెక్కి ఉబ్బడం లేదా మండడం. మొదటిది ఇబ్బంది మాత్రమే, రెండవది ప్రాణాపాయం. మొదటి నష్టాన్ని తప్పించుకోబోయి రెండవదానిని కొనితెచ్చుకోకుండా ఉండటమే ఇందులో ముఖ్యం.

కారు బ్యాటరీ స్వభావం

చాలా కార్లలో ఉండేది 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. దీనిని 1859లో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. ఇందులో ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టుల చొప్పున ఆరు ఘటాలు వరుసగా కలిపి ఉంటాయి. కావున పూర్తిగా ఛార్జి అయి, విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపుతుంది.

ఈ బ్యాటరీని తయారు చేసింది ముఖ్యంగా సెల్ఫ్ మోటారును తిప్పటానికి. ఆ పనికి వంద ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి, కాని అది ఒకటి రెండు క్షణాలకు మాత్రమే. 150 ఆంపియర్ల కరెంటు 10 వోల్టుల వద్ద ఒక్క సెకను పాటు ప్రవహిస్తే ఖర్చయ్యే శక్తి అర వాట్-గంట కన్నా తక్కువ. ఒక చిన్న కెమెరా అయిదారు నిమిషాలలో అంత శక్తిని వాడుకుంటుంది. అనగా కారు బ్యాటరీ పెద్ద మూతి ఉన్న చిన్న కుండ వంటిది. ఒక్కసారిగా చాలా నీటిని కుమ్మరించగలదు కాని, రాత్రంతా ధార కట్టి కారుతూ ఉంటే త్వరలోనే ఖాళీ అవుతుంది.

ఎక్కువ కరెంటు ఇవ్వటానికి వీలుగా ఇందులోని పలకలను పలుచగా చేస్తారు. ఇటువంటి బ్యాటరీని తరచు లోతుగా ఖాళీ చేస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. దీనిని సల్ఫేషన్ అంటారు. ఒకసారి గట్టిపడిన సల్ఫేటు మామూలు ఛార్జింగుతో పూర్తిగా కరగదు. అందువలన బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది.

విద్యుత్ ఖర్చు లెక్క

డ్యాష్‌క్యామ్ చిత్రీకరించేటప్పుడు సాధారణంగా 2 నుంచి 5 వాట్ల విద్యుత్తు వాడుకుంటుంది. ముందు, వెనుక రెండు కెమెరాలు ఉన్నవాటికి, వైఫై ఉన్నవాటికి ఖర్చు ఇంకా ఎక్కువ. కారులోని 12 వోల్టులను కెమెరాకు కావలసిన 5 వోల్టులకు తగ్గించే పరికరంలో కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. కావున 4 వాట్ల కెమెరాకు బ్యాటరీ నుంచి సుమారు 5 వాట్లు ఖర్చవుతాయని అనుకోవచ్చు.

ఉదాహరణకు ఒక చిన్న కారులో 35 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉన్నదనుకుందాం. దానిలోని మొత్తం శక్తి 12 × 35 = 420 వాట్-గంటలు. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు కారు ఆపి, సోమవారం ఉదయం 9 గంటలకు మళ్ళీ తీస్తే మధ్యలో గడిచిన కాలం 63 గంటలు. ఈ కాలంలో కెమెరా వాడుకునే శక్తి 63 × 5 = 315 వాట్-గంటలు. అనగా బ్యాటరీలో నాలుగింట మూడు వంతులు ఖర్చయినట్లే. దీనికి తోడు తాళాల వ్యవస్థ, అలారం వంటివి కూడా ఎల్లప్పుడూ కొద్దిగా కరెంటు తీసుకుంటూ ఉంటాయి. కొత్త బ్యాటరీ అయినా ఈ స్థితిలో ఇంజనును తిప్పలేకపోవచ్చు, మూడు నాలుగేళ్ళ పాత బ్యాటరీ అయితే చెప్పనవసరం లేదు.

రోజూ కారు నడిపేవారికి కూడా ఈ సమస్య ఉన్నది. ఒక రాత్రి 12 గంటలలో 60 వాట్-గంటలు ఖర్చయితే, పది నిమిషాల ప్రయాణంలో ఆ లోటు పూడదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండే కొద్దీ ఛార్జిని నెమ్మదిగా స్వీకరిస్తుంది. లోటు రోజురోజుకూ పెరిగి, ఒకనాడు హఠాత్తుగా బయటపడుతుంది.

కనిష్ఠ వోల్టేజి పరిమితి

కెమెరాను కారు బ్యాటరీకే కలిపేవారు వోల్టేజి తగ్గగానే సరఫరా ఆపివేసే చిన్న పరికరాన్ని వాడతారు. దీనిని హార్డ్‌వైర్ కిట్ అంటారు. ఇందులో ఆపే స్థాయిని ఎంచుకునే వీలు ఉంటుంది. విశ్రాంతిలో ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి వోల్టేజిని బట్టి మిగిలిన ఛార్జి సుమారుగా ఇలా ఉంటుంది:

12.6 వోల్టులు లేదా పైన: నిండుగా ఉన్నది.
12.4 వోల్టులు: నాలుగింట మూడు వంతులు.
12.2 వోల్టులు: సగం.
12.0 వోల్టులు: పావు వంతు.
11.8 వోల్టులు: దాదాపు ఖాళీ.

చాలా కిట్లలో 11.8 వోల్టుల స్థాయి కూడా ఎంచుకోవటానికి ఉంటుంది. కెమెరా ఎక్కువసేపు పనిచేస్తుందన్న ఆశతో దానిని ఎంచుకుంటే రక్షణ పేరుకు మాత్రమే మిగులుతుంది. 12.2 గాని అంతకన్నా ఎక్కువ గాని ఎంచుకోవడం మేలు.

వోల్టేజి ఒక్కటే చూడటంలో ఒక లోపం ఉన్నది. బ్యాటరీలో ఎన్నో వంతు ఛార్జి మిగిలిందో వోల్టేజి చెబుతుంది గాని, ఆ బ్యాటరీ మొత్తం ఎంత పట్టగలదో చెప్పదు. పాతబడి సగం సామర్థ్యం కోల్పోయిన బ్యాటరీ కూడా 12.4 వోల్టులు చూపగలదు. అందుచేత వోల్టేజి పరిమితితో పాటు కాల పరిమితి కూడా పెట్టుకోవటం ఉత్తమం. ఇన్ని గంటల తరువాత కెమెరా తనంతట తానే ఆగిపోయే సదుపాయం అనేక కిట్లలో, కెమెరాలలో ఉన్నది.

ప్రత్యేక బ్యాటరీ ప్యాక్

కారు బ్యాటరీని ముట్టుకోకుండా, కెమెరా కోసం వేరుగా ఒక బ్యాటరీని పెట్టటం రెండవ పద్ధతి. కారు నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు నుంచి వచ్చే విద్యుత్తుతో ఈ ప్యాక్ ఛార్జి అవుతుంది. ఇంజను ఆగగానే కారుతో సంబంధం తెంచుకొని, తనలోని శక్తిని కెమెరాకు ఇస్తుంది. ప్యాక్ పూర్తిగా ఖాళీ అయినా నిలిచిపోయేది కెమెరా మాత్రమే, కారు యథాప్రకారం స్టార్టు అవుతుంది.

ఈ పని కోసమే తయారైన ప్యాకులలో ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఘటాలను వాడతారు. ఈ పదార్థాన్ని బ్యాటరీలలో ధన ధ్రువంగా వాడవచ్చునని 1990వ దశకం మధ్యలో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం కనుగొన్నది. లిథియం అయాన్ బ్యాటరీల అభివృద్ధికి గాను గుడెనఫ్‌కు 2019లో స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలతో కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఘటం వోల్టేజి 3.2. నాలుగు ఘటాలను వరుసగా కలిపితే 12.8 వోల్టులు వస్తాయి. 6 ఆంపియర్-గంటల ప్యాకులో 12.8 × 6 = 76.8 వాట్-గంటల శక్తి ఉంటుంది. పై ఉదాహరణలోని కెమెరాకు ఇది 13 నుంచి 15 గంటల వరకు సరిపోతుంది. అనగా ఒక రాత్రి కాపలాకు చాలును.

ఛార్జి కావటానికి పట్టే కాలం ప్యాక్ తీసుకునే కరెంటును బట్టి ఉంటుంది. 5 ఆంపియర్ల చొప్పున తీసుకుంటే అరగంట ప్రయాణంలో 2.5 ఆంపియర్-గంటలు, అనగా 32 వాట్-గంటలు చేరతాయి. అది సుమారు ఆరు గంటల చిత్రీకరణకు సమానం. కావున ప్యాక్ కొనే ముందు అది ఎంత పెద్దదో చూడటం కన్నా, తన రోజువారీ ప్రయాణంలో అది నిండుతుందా అని చూసుకోవాలి. రోజుకు పావుగంట మాత్రమే తిరిగే కారులో ఎంత పెద్ద ప్యాక్ పెట్టినా ప్రయోజనం తక్కువ.

విడి ఘటాలను కొని సొంతంగా ప్యాక్ కట్టి, నేరుగా కారు వైర్లకు కలపటం ప్రమాదకరం. లిథియం ఘటాలకు అంతర్గత నిరోధం చాలా తక్కువ. ఖాళీగా ఉన్న ప్యాకును ఆల్టర్నేటరుకు నేరుగా కలిపితే అదుపు లేని కరెంటు ప్రవహించి వైర్లు కాలవచ్చు. సరైన ప్యాకులో కరెంటును అదుపు చేసే ఛార్జింగ్ సర్క్యూటు, ఒక్కొక్క ఘటాన్ని కనిపెట్టి ఉండే రక్షణ సర్క్యూటు, ఉష్ణోగ్రత గ్రాహకం ఉంటాయి.

పవర్ బ్యాంకులు ఎందుకు తగవు

సెల్‌ఫోన్ల కోసం వాడే పవర్ బ్యాంకు కెమెరాకు కావలసిన 5 వోల్టులనే ఇస్తుంది, చవకగా దొరుకుతుంది. 20,000 మిల్లీ ఆంపియర్-గంటల పవర్ బ్యాంకులో 3.7 వోల్టుల చొప్పున 74 వాట్-గంటల శక్తి ఉంటుంది. లెక్క ప్రకారం ఇది పై ప్యాకుతో సమానమే. అయినా ఈ పనికి తగనిది కావటానికి కారణాలు ఇవి:

1. చాలా పవర్ బ్యాంకులలో కోబాల్టు లేదా నికెల్ ఉన్న లిథియం ఘటాలు ఉంటాయి. అవి ఎక్కువ వేడికి విచ్ఛిన్నమై ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. ఆ ఆక్సిజన్ లోపలి ద్రావకాన్ని మండిస్తుంది.
2. వీటిని జేబులో, సంచిలో ఉండే ఉష్ణోగ్రతల కోసం తయారు చేస్తారు, ఎండలో మూసి ఉన్న కారు కోసం కాదు.
3. కరెంటు బాగా తగ్గినప్పుడు ఫోను నిండిందనుకొని ఇవి తమంతట తామే ఆగిపోతాయి. కెమెరా నిద్రావస్థలో తక్కువ కరెంటు తీసుకుంటుంది గనుక కాపలా కాయవలసిన సమయంలోనే సరఫరా నిలిచిపోతుంది.
4. తాము ఛార్జి అవుతూ అదే సమయంలో వేరొక పరికరానికి విద్యుత్తు ఇవ్వటం అన్నింటికీ సాధ్యం కాదు.

తప్పనిసరి అయితే రాత్రి పూట మాత్రమే వాడి, ఉదయం ఎండ రాకముందే పవర్ బ్యాంకును కారు నుంచి తీసివేయాలి. పగటిపూట మూసిన కారులో దానిని వదిలివేయరాదు.

యూపీఎస్ బ్యాటరీలు

కంప్యూటర్ యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల సీలు వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీని కొందరు ఈ పనికి వాడతారు. దీనిలో 84 వాట్-గంటలు ఉన్నా, బ్యాటరీ చెడకుండా వాడుకోగలిగేది సుమారు సగమే. అనగా ఎనిమిది గంటలు. వేడికి దీని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. 25 డిగ్రీల పైన ప్రతి 8 నుంచి 10 డిగ్రీల పెరుగుదలకు ఆయుష్షు సగమవుతుందని ఒక స్థూలమైన లెక్క. అధికంగా ఛార్జి అయితే ఇది హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. కావున దీనిని మూసి ఉన్న కారు లోపల ఉంచటం గాని, తగిన ఛార్జరు లేకుండా కారు బ్యాటరీకి నేరుగా సమాంతరంగా కలపటం గాని మంచిది కాదు.

వేడి ప్రభావం

కారు అద్దాల గుండా లోపలికి వచ్చిన సూర్యరశ్మిని సీట్లు, డ్యాష్‌బోర్డు పీల్చుకొని వేడిగా మారుస్తాయి. ఆ వేడి సులభంగా బయటకు పోలేదు. మూసిన కారులో ఒక గంటలో ఉష్ణోగ్రత సగటున 22 సెల్సియస్ డిగ్రీలు పెరుగుతుందని, అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే జరుగుతుందని 2005లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనం తేల్చింది. ఆరిజోనా రాష్ట్రంలోని టెంపేలో వేసవిలో జరిపిన పరీక్షల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. గంటసేపు ఎండలో ఉన్న కార్లలో లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. నీడలో ఉన్న కార్లలో డ్యాష్‌బోర్డు 48 డిగ్రీల వద్ద ఉన్నది.

సాధారణంగా లిథియం ఘటాలను 0 నుంచి 45 డిగ్రీల మధ్య ఛార్జి చేయాలని, 60 డిగ్రీలు దాటిన చోట వాడరాదని తయారీదారులు చెబుతారు. పై అంకెలతో పోల్చి చూస్తే డ్యాష్‌బోర్డు మీద ఏ లిథియం బ్యాటరీనీ పెట్టకూడదని స్పష్టమవుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో బయటి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అటువంటి రోజులలో ఎండలో నిలిపిన కారును తీసిన వెంటనే ప్యాక్ ఛార్జి కావటం ఆరంభిస్తే దానికి హాని. మంచి ప్యాక్ తన ఉష్ణోగ్రత తగ్గేవరకు ఛార్జింగును వాయిదా వేస్తుంది.

శీతల దేశాలలో సమస్య దీనికి విరుద్ధంగా ఉంటుంది. 0 డిగ్రీల కంటే తక్కువలో ఛార్జి చేస్తే లిథియం లోహం పొరగా పేరుకొని, లోపల షార్ట్ సర్క్యూటుకు దారి తీయవచ్చు. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను నివసించే తెలుగువారు చలికాలంలో ఈ సంగతి గమనించాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ పరమాణువులు భాస్వరంతో బలంగా బంధింపబడి ఉంటాయి. అందువలన ఇది అదుపు తప్పి వేడెక్కటానికి సుమారు 270 డిగ్రీలు కావాలి. కోబాల్టు రకానికి ఇది సుమారు 150 డిగ్రీలు. అయితే ఈ రకం అసలు మండదనుకోవటం పొరపాటు. లోపలి ద్రావకం దీనిలో కూడా మండే గుణం కలదే.

ఇదే కారణం చేత కెమెరాను ఎంచుకునేటప్పుడు దాని లోపల లిథియం ఘటానికి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నదానిని ఎంచుకోవడం మంచిది. అది వేడిని బాగా తట్టుకుంటుంది. అయితే అది కొన్ని క్షణాలకే సరిపోతుంది, చివరి దృశ్యాన్ని భద్రపరచటమే దాని పని.

అమర్చే పద్ధతి

కారు వైర్లతో అనుభవం లేనివారు ఈ పనిని ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవాలి. పని చేసేది ఎవరైనా పాటించవలసిన విషయాలు ఇవి:

1. వైర్లను కోయకుండా, ఫ్యూజుల పెట్టెలో ఫ్యూజ్ ట్యాప్ ద్వారా విద్యుత్తు తీసుకోవాలి. వైర్లు కోస్తే కారు వారంటీకి ఇబ్బంది రావచ్చు.
2. ఎయిర్‌బ్యాగు, బ్రేకులు, ఇంజను కంప్యూటరుకు చెందిన ఫ్యూజులను ముట్టుకోరాదు.
3. హార్డ్‌వైర్ కిట్‌కు మూడు వైర్లు ఉంటాయి: ఎల్లప్పుడూ విద్యుత్తు ఉండే చోటికి ఒకటి, తాళంచెవి తిప్పితేనే విద్యుత్తు వచ్చే చోటికి ఒకటి, కారు బాడీకి ఎర్త్‌గా ఒకటి. రంగులను నమ్మక మల్టీమీటరుతో సరిచూసుకోవాలి.
4. ఇంజను నడుస్తున్నప్పుడే ఛార్జి కావలసిన బ్యాటరీ ప్యాకును తాళంచెవితో పనిచేసే ఫ్యూజుకు కలపాలి. ఎల్లప్పుడూ విద్యుత్తు ఉండే చోట కలిపితే అది రాత్రంతా కారు బ్యాటరీని తాగివేస్తుంది.
5. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. కావున దానిని సరఫరా మొదలయ్యే చోటికి దగ్గరగా పెట్టాలి. కెమెరా కిట్‌కు కొద్ది ఆంపియర్ల ఫ్యూజు చాలు. 9 ఆంపియర్లు తీసుకునే ప్యాకుకు తయారీదారు చెప్పిన ఫ్యూజును, దానికి తగిన మందపు వైరును వాడాలి. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని పెద్ద ఫ్యూజు వేయటం నిప్పుతో చెలగాటమే.
6. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి ఛార్జి చేసేటప్పుడు ఆ సాకెట్ మీద వ్రాసి ఉన్న పరిమితిని దాటకూడదు.
7. ముందు అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగు ఉంటే, కెమెరా వైరును దాని ముందు నుంచి కాక వెనుక నుంచి తీయాలి. లేనిచో ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగు తెరుచుకోవటానికి వైరు అడ్డుపడవచ్చు.
8. ప్యాకును ముందు సీటు క్రింద, నేరుగా ఎండ తగలని చోట, కదలకుండా బిగించాలి. సీటు జరిగే పట్టాల మధ్య వైరు నలగకుండా చూడాలి. అక్కడ ఉండే పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగు వ్యవస్థవి, వాటిని ఊడదీయరాదు.

విద్యుత్ కార్లలో

బ్యాటరీతో నడిచే కార్లలో కూడా దీపాలు, తాళాలు, కంప్యూటర్ల కోసం 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరుగా ఉండటం సర్వసాధారణం. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. కావున పై జాగ్రత్తలన్నీ వీటికి కూడా వర్తిస్తాయి. నారింజ రంగు తొడుగు ఉన్న వైర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది, వాటి దగ్గరకు పోరాదు.

ప్రమాద సూచనలు

ప్యాక్ ఉబ్బటం, ముట్టుకోలేనంత వేడిగా ఉండటం, ద్రావకం వంటి ఘాటైన వాసన రావటం, బుస్సుమనే శబ్దం రావటం ప్రమాద సూచనలు. ఉబ్బిన ప్యాకును మళ్ళీ ఛార్జి చేయరాదు, గుచ్చరాదు, విప్పరాదు. పొగ వస్తుంటే కారును ఆపి, అందరూ దిగి దూరంగా వెళ్ళి అగ్నిమాపక దళానికి ఫోను చేయాలి. భారతదేశంలో ఆ సంఖ్య 101. ఆ పొగ విషపూరితమైనది గనుక వస్తువుల కోసం తిరిగి కారులోకి వెళ్ళరాదు. మంట ఆరినట్లు కనిపించినా లిథియం బ్యాటరీ మళ్ళీ అంటుకొనే అవకాశం ఉన్నది.

పాడైన బ్యాటరీని చెత్తకుప్పలో వేయకూడదు. భారతదేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులది.

ఎంపిక

రోజూ కారు నడుపుతూ, రాత్రి కొద్ది గంటల కాపలా మాత్రమే కావలసినవారికి మంచి స్థితిలో ఉన్న కారు బ్యాటరీ, 12.2 వోల్టుల పరిమితి, కాల పరిమితి ఉన్న హార్డ్‌వైర్ కిట్ సరిపోతాయి. రాత్రంతా కాపలా కావలసినవారికి, రోజూ గంటకు అటూ ఇటుగా ప్రయాణం ఉన్నవారికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ అనువైనది. కారును వారాల తరబడి కదపనివారికి ఈ రెండూ చాలవు. అటువంటివారు కెమెరాను తాకిడి తగిలినప్పుడు మాత్రమే మేల్కొనేటట్లు అమర్చుకోవాలి, లేదా దాని వైరు ఊడదీసి వెళ్ళాలి. కెమెరా కొన్ని గంటలు ఆగిపోతే ఒక దృశ్యం పోవచ్చు. ఆ కొన్ని గంటల కోసం ఫ్యూజును, వోల్టేజి పరిమితిని, వేడి హెచ్చరికను పక్కన పెడితే పోయేది కారు కావచ్చు, అందులో కూర్చున్న మనిషి కావచ్చు.